గ్యాస్ గదిలో ముత్తయ్య గొంతు

కరీంనగర్ శివారులోని మిర్చి కోల్డ్ స్టోరేజీలో పొద్దుగూకాక అమోనియా లీకైంది. ఆపరేటర్ సృజన మిషన్లన్నీ ఆపేసింది. ఆ మిషన్లుండే గ్యాస్ గదిలో ఎవరూ లేరని తలుపు అద్దంలోంచి చూసుకుని తాళం వేసింది. హమాలీలందరినీ గాలికి ఎదురుగా గేటు దాకా నడిపించింది.

రోజూ హోరెత్తే చోటు ఒక్కసారిగా మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో గ్యాస్ గది తలుపు మీద ఎవరో తట్టిన చప్పుడు గేటు దాకా వినిపించింది.

"బిడ్డా సృజనా, తలుపు తియ్యి. ఊపిరాడుతలేదు."

అది హమాలీ ముత్తయ్య గొంతు. ముత్తయ్య ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు.

"నేను మాట్లాడలే బిడ్డా," అన్నాడతను.

మేనేజర్ శ్యాంసుందర్ చెయ్యి చాచాడు. "లోపల ఎవరో సస్తుండ్రు. చాబి ఇయ్యి!"

"మాస్కు లేకుండ పోతే మీరు గూడ సస్తరు సార్. ఫైరోళ్లు మాస్కులతోని వస్తుండ్రు. అప్పటిదాంక ఇయ్య."

మళ్లీ తట్టిన చప్పుడు. ఈసారి సృజన వాళ్ల అవ్వ గొంతు ఏడ్చింది. అవ్వ పోయి ఏడాదైంది. సృజన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎవల గొంతుతోని పిలిచినా తీయ!" అని అరిచింది.

తర్వాత లోపలినుంచి మెల్లగా సృజన గొంతే వినిపించింది.

"నేనే సృజనను. తియ్యి."

సృజన చాబిని పిడికిట్లో బిగించింది.

"సృజనవైతే నీకు ఎరుకనే. మాస్కులొచ్చేదాంక తీయ."