మోత చివరి తీగ

“ఆగండి. ఆ మొదటిది మళ్లీ కొట్టండి,” అంది దుకాణం ఆవిడ.

పెద్దాయన వేలి కణుపుతో జాడీ పొట్ట మీద కొట్టాడు. నలభై ఏళ్లుగా అదే అతని పరీక్ష. మంచి జాడీ ఖంగుమంటుంది, ఆ మోత చివర సన్నగా తీగలా సాగుతుంది. కంటికి కనబడని బీట ఉంటే మొద్దుగా పలికి అక్కడే చస్తుంది.

ఆ తీగ అతనికి వినిపించక రెండేళ్లయింది. మాటలు వినిపిస్తాయి, వాన చప్పుడు వినిపిస్తుంది. తీగ మాత్రం లేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

అతను కోడలి వైపు చూశాడు. బల్లకు అవతల నిలబడి మూతలు తుడుస్తోంది. ఆ పని, ఆ చోటు తనే అప్పగించాడు. ఆమె నుదుట ముడత పడలేదు.

“బాగుంది,” అన్నాడు.

“పోయినసారీ ఇదే మాటన్నారు. కొన్నవాళ్ల వంటింట్లో నూనంతా అరలోకి కారిపోయింది. ఈసారి ఒక్కటి కారినా మళ్లీ మీ గడప తొక్కను.”

“నా చెవి మీద నమ్మకం పోయిందా ఏంటమ్మా?” అని నవ్వబోయాడు.

రెండోది కొట్టాడు. కోడలి కనుబొమలు దగ్గరయ్యాయి. మరుక్షణం జాడీ పెంకుల తొట్టిలో భళ్లుమంది.

“అయ్యో! నిగనిగలాడుతోందే!”

“పై మెరుగు చూసి మోసపోకూడదు.”

కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఆమె ముందు రెండు జాడీలు పెట్టి కొట్టి చూపించాడు. “తేడా తెలిసిందా?” అని అడిగాడు. “తెలిసింది మామయ్యా,” అంది తడుముకోకుండా. కొడుకు పదేళ్లు తంటాలు పడ్డా పట్టుకోలేని తేడా అది. ఆ ఒక్క మాట ఆసరాగానే ఈ రెండేళ్లూ నెట్టుకొస్తున్నాడు.

మూడు, నాలుగు, అయిదు గట్టెక్కాయి. ఆరోదీ ఏడోదీ తొట్టి పాలయ్యాయి. ఎనిమిదో దానికి చెమట కంట్లో పడి అతను మొహం చిట్లించాడు. అవతల కోడలి మొహమూ ముడుచుకుంది. ఎంత చురుకైన చెవి దీనిది, అనుకుంటూ ఆ జాడీనీ తొట్టిలోకి విసిరాడు.

పన్నెండింటిలో ఎనిమిది మిగిలాయి.

“సొంత బిడ్డల్లాంటివాటిని ఇంత నిర్దయగా పగలగొట్టే మనిషి మాట నమ్మొచ్చు,” అంటూ దుకాణం ఆవిడ వాటిని గడ్డిలో సర్దించుకుంది. ఆవిడ వ్యాను సందు మలుపు తిరిగింది.

పెద్దాయన పీట మీద కూలబడ్డాడు. ఏదో బరువు దిగినట్టుంది.

“అమ్మాయ్, ఇంక దాచలేను. జాడీ మోత చివరి తీగ నాకు వినపడి రెండేళ్లయింది. నీ మొహం చూసే తీర్పు చెబుతున్నాను. రేపట్నుంచి నువ్వే కొట్టు, నువ్వే చెప్పు. ఈ ఇంటికి ఇక నీ చెవే చెవి.”

కోడలి చేతిలో మూత ఆగిపోయింది. ఆమె తొట్టిలోని పెంకుల వైపు చూసింది, ఖాళీ సందు వైపు చూసింది.

“ఇన్నాళ్లూ నేనూ మీ మొహమే చూస్తున్నాను, మామయ్యా.”