సూదికి పిలిచిన మనిషి

“కరోనా వార్డుల ఒక్కటే బెడ్డుందంటిరి. మా నాయిన కరోనా టీకా సూది తీస్కున్నడు సార్. ఆ ముసలామె తీస్కోలే. ఇగ బెడ్డు ఎవరికని ఆలోచన ఎందుకు?” జోయెల్ దవాఖాన వరండాలో డాక్టరుకు అడ్డంగా నిలబడ్డాడు.

తండ్రి స్ట్రెచర్ పక్కనే ఇంకో స్ట్రెచర్ మీద ముసలామె ఎగశ్వాసతో ఉంది. డాక్టర్ సరేనన్నట్టు తలూపాడు. జోయెల్‌కు ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో తండ్రి ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

“బిడ్డా, నన్ను సూదికి తోల్కపోయింది ఆమెనే. పదిమంది జమైతేనే సీసా విప్పుతమన్నరని ఖిలా వరంగల్‌ల ఇల్లిల్లు తిరిగి మమ్మల్ని పిల్సింది. మాకు వేసేసరికి మందు అయిపోయింది. ఆమెకే మిగల్లే. మళ్ల స్టాకే రాలే.”

“ఏమంటాండు పెద్దాయన?” మాటలు సరిగ్గా వినపడక అడిగాడు డాక్టర్.

“ఏం లేదు సార్. ఊపిరాడ్తలేదంటాండు,” అంటూ జోయెల్ మాస్కును తండ్రి నోటికి గట్టిగా బిగించాడు.