6174 దగ్గర ఆగినవాడు

2004లో ఓ సాయంత్రం, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చే పాసింజరులో, అలసిపోయిన ఇద్దరు లెక్కల లెక్చరర్ల మధ్య ఈ చారిత్రక ఘట్టం నడిచింది. పెర్సిస్ కూర్చుంది, నేను నిలబడ్డాను.

“ఏ నాలుగంకెల సంఖ్యయినా తీసుకోండి. అంకెల్ని పెద్దవి ముందు పెట్టి రాసి, దాన్నే తిరగేసి అందులోంచి తీసెయ్యండి. వచ్చినదాన్నీ అలాగే చేస్తూ పోతే 6174 దగ్గర ఆగిపోతుంది. నేనూ మీ దగ్గరే ఆగిపోయానండీ. పెళ్లి చేసుకుందామా?”

ఆమె కళ్లు మూసుకునే ఉంది. “7777 తీసుకోండి.”

తీసుకున్నాను. మొదటి తీసివేతకే సున్నా వచ్చింది.

“అన్నీ ఒకే అంకెలైతే అంతేనండీ. మీరు రోజూ ఇదొక్కటే అడుగుతారు. ఒక్క అంకె మార్చి చూడండి.”

భీమడోలు దాకా ఆలోచించాను. “మధ్యాహ్నం ఏమైనా తిన్నారా అండీ?”

“లేదండీ,” అని పెర్సిస్ కళ్లు తెరిచి, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.