పక్క మంచం సూది

సూది పక్క మంచానికి వెళ్ళింది.

రెండు రోజుల జ్వరం దిగి అప్పుడే కళ్ళు తెరిచిన నూకయ్య చూపు ఆ సూది వెంటే వెళ్ళింది.

అది అరవై నాలుగో సంవత్సరం. ఖరగ్‌పూర్‌లో, మలంచా రోడ్డు పక్కన మిషను ఆస్పత్రి. వార్డు చివర రెండు మంచాలు. ఒకదాని మీద వర్క్‌షాపు ఫిట్టరు నూకయ్య, రెండోదాని మీద రిటైరైన ఇంజను డ్రైవరు జ్ఞానప్రకాశం. ఇద్దరికీ మెడ కింద గడ్డలే. ఇద్దరికీ కేన్సరే.

మందే లేదన్న జబ్బుకి మందు పట్టుకుని కలకత్తా నుంచి డాక్టరు వచ్చాడు. వచ్చి, నూకయ్యని దాటుకుని పోయాడు.

"ఏటి సిస్టరమ్మా, నాను మనిషిలాగ కనిపించనేదేటి ఆయనకి?"

నర్సు రత్నం దుప్పటి సర్దింది. "నీకూ ఇస్తారు నూకయ్యన్నా. ముందు ఆయనకి."

"ఎందుకో నాకు తెలవదేటి! మీదీ ఆయనదీ ఒకే సర్సి. మాది నూకాలమ్మ గుడి."

రత్నం ఏదో అనబోయింది. పక్క మంచం మీంచి జ్ఞానప్రకాశం తల అడ్డంగా ఊపాడు. ఆమె నోరు మూసుకుంది.

"తొందరపడకు తమ్ముడూ. నీ బండి నా వెనకే ఉంది," అన్నాడు.

"ముందు పోయీవోడు అలాగే సెప్తాడు."

మర్నాటి నుంచి డాక్టరు వస్తే ఆ మంచం దగ్గరే. నాలిక చూసేవాడు, నెత్తురు తీసేవాడు, గడ్డలు కొలిచేవాడు. ఆయనకి పాలు. ఆయనకి గుడ్డు. నూకయ్యకి మాత్రం 'కెమొన్ ఆఛో', ఎలా ఉన్నావని బెంగాలీలో ఒక్క ముక్క. అదీ నడుస్తూ.

"ఆయన్ని సూడ్డానికి పిల్లి కూడా రాదు," అని నూకయ్య పెళ్ళాం దగ్గర పళ్ళు నూరాడు. "మందు మాత్రం ఆయనకే. నా నలుగురు పిల్లలూ ఏటయిపోవాల?"

ఈ గోడు విన్న పోలమ్మ చెవిలోనే, అటు పక్క మంచం కబుర్లూ పడేవి.

"సువర్ణరేఖ నదికి వరదొచ్చి తీసిందనుకో అమ్మా," అనేవాడు జ్ఞానప్రకాశం. "వంతెన గట్టిగా ఉందో లేదో ఎవడికి తెలుసు? పాసింజరు బండిని ఆపేసి, ముందు వట్టి ఇంజన్ని పంపేవాళ్ళు. అది నాదే. నేను దాటితే అప్పుడు బోగీలు."

"వట్టి ఇంజను తోలీవోడికి ఇంత గొప్పేటి!" అనేవాడు నూకయ్య, వినపడేలా.

వారం తిరిగేసరికి జ్ఞానప్రకాశం గడ్డలు ఉప్పుగల్లుల్లా కరిగాయి. ఎన్నాళ్ళకో చొక్కా కాలరు గుండీ పెట్టుకున్నాడు. నూకయ్య తన మెడ తడుముకున్నాడు. గడ్డ గుండ్రాయిలా అక్కడే ఉంది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

ఇంకొన్నాళ్ళకి జ్ఞానప్రకాశం తలగడ మీద జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. నోరంతా పూసింది.

ఆ పూట నూకయ్యకి ఆకలేసింది.

ఖరిదాలోని ఇంటి నుంచి పోలమ్మ రాగి అంబలి కేరేజీ తెచ్చి మూత తీసింది.

"చోడి అంబలా అమ్మా?" జ్ఞానప్రకాశం మోచేతి మీద లేచాడు. "ఒక్క గుక్క పోస్తావా? నోట్లో ఏదీ నిలవటం లేదు."

పోలమ్మ గ్లాసు అందుకుంది. నూకయ్య గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాలూ గుడ్లూ తినీవోళ్ళకి అంబలేటి? మూసీ."

"పాపం మావా, ముసలాయన..."

"మూసీమన్నానా!"

మూత పడింది. జ్ఞానప్రకాశం చిన్నగా నవ్వి గోడవైపు తిరిగాడు.

ఆ సాయంత్రం ఆయనకి జ్వరం తగిలింది. మంచం చుట్టూ తెర కట్టారు. తెర తీసేసరికి మంచం ఖాళీ.

అప్పుడు వచ్చాడు కలకత్తా డాక్టరు నూకయ్య దగ్గరికి. వచ్చి కూర్చున్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. "మోతాదు సగానికి తగ్గించాం. ఎంత ఇవ్వాలో ఇప్పుడు తెలుసు," అన్నాడు హిందీలో.

నూకయ్య గడ్డలూ కరిగాయి. జుట్టు పలచబడిందే గాని ఊడలేదు. నోరు పూయలేదు.

ఇంటికి వెళ్ళే రోజున పోలమ్మ ఉతికిన చొక్కా తెచ్చింది. నూకయ్య కాలరు గుండీ పెట్టుకుంటూ పక్క మంచం వైపు చూశాడు.

"సూసినావా సిస్టరమ్మా? ముందు ఏయించుకున్నోడు ముందే పోయినాడు. నన్ను దాటెల్లి ఏటి బావుకున్నాడు?"

రత్నం చేతిలో పని ఆగిపోయింది.

"నువ్వు ఇంటికి బయల్దేరేదాకా చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు అన్నా. తెలిస్తే సూదంటే బెదిరి పారిపోతావట."

"ఏటి సెప్పొద్దన్నాడు?"

"ఈ మందు ఇక్కడ ఎవరికీ ఇచ్చి చూడలేదు. ఎంతిస్తే బతుకుతారో, ఎంతిస్తే పోతారో డాక్టరుకే తెలీదు. వయసులో ఉన్నవాడివి తట్టుకుంటావని మొదట నిన్నే అడుగుదామని వచ్చాడు. నువ్వేమో జ్వరంతో ఒళ్ళెరగవు. తెలివొచ్చేదాకా ఆగుదామంటూంటే పక్క మంచం మీద ఆయన విన్నాడు."

నూకయ్య వేళ్ళు గుండీ మీదే ఉండిపోయాయి.

"లేచి కూర్చుని, 'ఆ తమ్ముడి వెనక బోగీలున్నాయి డాక్టరుగారూ, నా వెనక ఎవరూ లేరు, వంతెన మీదికి ముందు వట్టి ఇంజన్నే పంపండి' అన్నాడు."