నిద్రపుచ్చే పాఠం

"చెప్పులు బయటే విడవండి మేడం. దిండు తెచ్చుకున్నారా?" అని అడిగాడు భూగోళం లెక్చరర్.

చంకలో దిండుతో ప్రిన్సిపాల్ లోపలికొచ్చింది. ఎవరి లోపాలూ ఎత్తిచూపకూడదనీ, ఉన్న బలాన్నే వాడుకోవాలనీ కాలేజీలో కొత్త పద్ధతి పెట్టింది ఆవిడే. ఈయన పాఠం మొదలెడితే అందరూ నిద్రపోతారు కాబట్టి అదే ఈయన బలమని తేల్చి, బెంచీలు తీయించి మంచాలు వేయించింది. ఇప్పుడు ఏ క్లాసుకీ లేనంత హాజరు ఈ క్లాసుకే.

"వారం నుంచీ కంటిమీద కునుకు లేదు మాస్టారూ. ఇక మీదే భారం," అంటూ ఆవిడ నడుం వాల్చింది.

నది దారి మార్చుకోవడం గురించి ఆయన మొదలుపెట్టాడు. కాసేపటికే గదంతా గురకలు.

"మరి పాత దారిలో పడవలు నడుపుకునేవాళ్లు ఏమయ్యారు?"

లెక్చరర్ ఉలిక్కిపడ్డాడు. ప్రిన్సిపాల్ దిండు ఒళ్లో పెట్టుకుని లేచి కూర్చుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన్ని ఒక్కరూ ప్రశ్న అడగలేదు.

"మీకు... నిద్ర రాలేదా మేడం?"

"ఎక్కడా! మీ బలం తగ్గినట్టుంది మాస్టారూ. ఇలాగైతే మీ ఉద్యోగం ఉండదు."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పోతే పోనివ్వండి. ముందు ఆ పడవలవాళ్ల సంగతి వినండి."