దెయ్యం కొంగు

"దెయ్యమంట, దెయ్యం! దాన్ని చూసి పాలుతాగే బిడ్డ గూడా జడుసుకోదు. దుడ్లు దండగ!"

ధర్మవరం మగ్గాల వీధిలో పొద్దున్నుంచి వీరభద్రయ్యది ఇదే పాట. పట్టునూలు కోసం హిందూపురం వెళ్లి, అక్కడి టెంటు హాల్లో ఒక దెయ్యం సినిమా చూసి వచ్చాడు. రైలు పెనుకొండ దాటినా అతని కడుపుమంట చల్లారలేదు.

సినిమా బాగాలేని మాట నిజమే. కథ లేదు, భయం లేదు. దెయ్యం వచ్చినప్పుడల్లా జనం ఈలలు వేశారు. కానీ వీరభద్రయ్య మండిపోతున్నది అందుకు కాదు.

అందులో దెయ్యం ఒక పెళ్లికూతురు. దాని ఒంటిమీద ధర్మవరం పట్టుచీర. అది వెనక్కి తిరిగి నడిచినప్పుడల్లా తెర నిండా కొంగే, కొంగు నిండా హంసలే. నేసేవాడు చీరను మగ్గం మీద జానెడు జానెడుగా చూస్తాడు తప్ప, కట్టుకుంటే ఎలా ఉంటుందో ఎప్పుడు చూశాడు? వీరభద్రయ్య కళ్లు తిప్పుకోలేకపోయాడు.

ఆ హంసల నమూనా షావుకారు ఇచ్చింది ఇద్దరికే. తనకూ, ఎదురింటి మార్కండేయులుకూ. నేసి ఇచ్చాక నలుగురిలో మెచ్చుకున్నది మాత్రం మార్కండేయులునే. మరి అంత సొగసైన కొంగు ఎవరి చేతిదో వేరే చెప్పాలా?

తన చీర సినిమాకెక్కిందని మార్కండేయులుకు తెలిస్తే ఇంకేమైనా ఉందా! అసలే వాడు నేలమీద నిలవడు. ఏం చేసైనా సరే, మార్కండేయులు ఆ సినిమా చూడకూడదు.

వారం తిరక్కుండానే ఆ సినిమా ధర్మవరం టెంటుకే వచ్చి కూర్చుంది.

"వీరన్నా! దెయ్యాల సినిమా అంటే నాకు గుండెదడ. పోయేదే లేదనుకుంటి" అన్నాడు మార్కండేయులు నవ్వుతూ. "నువ్వేమో బిడ్డలు గూడా జడుసుకోరంటివి. ఇంగ ధైర్నంగా మా చౌడమ్మను గూడా పిల్చుకోని పోతాండా."

వీరభద్రయ్య గతుక్కుమన్నాడు. తన నోరే తన కొంప ముంచింది!

"వద్దబ్బా! పరువు కోసం అట్లంటి గానీ, మూడు దినాలు జరమొచ్చె నాకు. పక్కన కూర్చున్నోడు పంచె తడుపుకున్యాడు."

"అట్లయితే నువ్వూ రా అన్నా. నువ్వు పక్కన ఉంటే నాకేం భయం?"

కాదంటే అనుమానం వస్తుంది. ఏడవలేక నవ్వుతూ బయలుదేరాడు వీరభద్రయ్య.

టెంటులో మార్కండేయులు భార్య చౌడమ్మ పరదా అవతల ఆడవాళ్లలో కూర్చుంది. వీళ్లిద్దరూ మగవాళ్ల బెంచీ మీద. మార్కండేయులు తువ్వాలుతో సగం మొహం కప్పుకున్నాడు. రీలు తెగిపోవాలని వీరభద్రయ్య ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. పాడు రీలు, తెగితేనా!

దెయ్యం రానే వచ్చింది. వెనక్కి తిరిగింది. తెర నిండా కొంగు పరుచుకుంది.

మార్కండేయులు తువ్వాలు కిందికి లాగాడు. అతని నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. భయమంతా ఎక్కడికి పోయిందో, లేచి నిలబడ్డాడు. "కూర్చోవయ్యా" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"చూస్తివి గదా" అన్నాడు వీరభద్రయ్య పళ్లు కొరుకుతూ. "నీ చీర సినిమాకెక్కె. రేపట్నుంచి నిన్ను పట్టేటోడే లేడు."

"నా చీర యాడిదన్నా, అది నీ మగ్గం మీద దిగుతాంటే కిటికీలోంచి చూసి చూసి కుళ్లి సచ్చినోన్ని, నీ హంసల్ని నేను గుర్తుపట్టనా?" అన్నాడు మార్కండేయులు.