పచ్చ లైటు, కందిపప్పు

లోహపు పూత పూసే ప్లేటింగ్ షెడ్డులో వాడిన నీళ్లను ఎవరు శుభ్రం చేస్తారో, ఆ నీళ్లు మొదట వాళ్ల వంటింటికే వెళ్లాలని చట్టం. గంట ఆగాకే కాలనీలోని మిగతా రెండు వందల ఇళ్లకు.

ఆ ఉదయం జీడిమెట్ల షెడ్డులో నీళ్లు శుభ్రం చేసే చంద్రకళ కాలనీ వాల్వు తిప్పబోతుంటే ఇంటి నుంచి అత్త పోశవ్వ ఫోన్ చేసింది.

"ఆరు విజిల్లొచ్చినయ్ బిడ్డా. పప్పు రాళ్ల లెక్కనే ఉన్నది. నీళ్లల్ల ఏం కలిపినవ్?"

"ఏం కలపలే అత్తమ్మా. క్రోమ్ లేదు, నికెల్ లేదు. నీళ్లు పరీక్షించే మీటరు మీద పచ్చ లైటే ఉన్నది."

"సున్నం ఎక్కువైన నీళ్లల్ల పప్పు ఉడకది. సున్నం చూడు."

లోహాలు అడుగుకు దిగడానికి ఆ నీళ్లలో సున్నం వేస్తారు. చంద్రకళ నిచ్చెనెక్కి చూసింది. సున్నం గరాటు మూత ఇరుక్కుపోయి, పొడి ఆగకుండా రాలుతూనే ఉంది. మీటరుకు సున్నం సంగతి ఎవరూ నేర్పలేదు. ఆమె వాల్వుకు తాళం వేసింది.

వారం తర్వాత మీటరు తయారుచేసిన ఇంజినీరు చంద్రకళ వాళ్ల వంటింటికే వచ్చాడు. కుక్కరును తిరగేసి, మరగేసి, సెన్సారు కోసం వెతికాడు.

"మా మీటరుకు దొరకనిది మీకెట్ల దొరికిందమ్మా?"

పోశవ్వ అతని ముందు పళ్లెం పెట్టింది.

"మీ మీటరు అన్నం తింటదా, బిడ్డా? కూసో."